తొమ్మిదో అంకె లేని కోసు

జనవరి 11

లెక్కలపిట్టకి మేనత్త దీవెనలు.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు బాగా లేవు, అవి ఎప్పుడూ బాగా ఉండవు గనక కొత్తగా రాయించేదేం లేదు. ఈ ఉత్తరం కింది వాటాలో ఉండే టైపిస్టమ్మ చేత రాయిస్తున్నాను. నేను చెప్పిందే రాస్తోందో, తన తెలివి కూడా కలుపుతోందో నాకు తెలిసే దారి లేదు. అందుకని కవరు అంటించే ముందు సందు మొదట్లో ఉన్న మందుల షాపాయన చేత ఒకసారి చదివించుకుంటాను. ఇది కూడా రాయమ్మా అన్నాను. మొహం ముడుచుకుంది గాని రాసింది.

ఇక అసలు సంగతి. మా లేసు సంఘం వాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. ఇకమీదట ఒక్కో అంచుకీ, ఎవరి సాయమూ లేకుండా దాన్ని సొంతంగా పుట్టించిన మనిషి పేరు పెడతారట. ఆ మనిషి సరేనంటేనే మిగతావాళ్ళు ఆ అంచు అల్లాలి. మంచిదే. కానీ నా కోసు అంచు తనదేనని మా తోడికోడలు వెళ్ళి చెప్పుకుంది. ఆ పెద్దది ఒక్కరోజు కూడా సూది పట్టుకుని నిదానంగా కూర్చున్న మనిషి కాదు. ఒకే వసారాలో ఎదురెదురుగా కూర్చుని అల్లాం కాబట్టి నా చేతిలోది ఆవిడ కంట్లో పడింది. కంట్లో పడ్డదల్లా సొంతమైపోతే ఎదురింటి మేడ నాదే కావాలి.

ఆవిడ పేరు పడిందనుకో, నేను సగం బతుకు అల్లిన అంచుని మళ్ళీ అల్లడానికి ఆవిడ గుమ్మం ముందు నిలబడి అడగాలి. అది నా వల్ల కాదు. సూదులు పొయ్యిలో పడేస్తాను గాని అడగను.

నువ్వు కాలేజీలో లెక్కలు చెబుతావు. చదువుకున్నదానివి రాసిస్తే సంఘం వాళ్ళు వింటారు. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడల్లా ఈ అంచు నా ఒళ్ళోనే చూశానని ఒక కాగితం రాసి పంపు. చూసింది ఏదో నీకు గుర్తుండాలి గదా, అందుకని చెబుతున్నాను. నాకు అక్షరం రాదు గాని అంకెలు నోటికి వచ్చు, మా అల్లిక అంతా అంకెల్లోనే ఉంటుంది. పై వరసలో ఏడు గడులు ఖాళీ, మూడు నిండు, తొమ్మిది ఖాళీ, మూడు నిండు, తొమ్మిది ఖాళీ, ఒకటి నిండు, మూడు ఖాళీ, అయిదు నిండు. మొత్తం ఎనిమిది అంకెలు. దాని కింది వరసలో చివరి అంకె వదిలేస్తాను. దాని కింద ఇంకొకటి వదిలేస్తాను. అలా వదులుకుంటూ వస్తే అడుగున మొదటి ఏడు గడులే మిగిలి కోసు మొనదేలుతుంది. బల్లగుడ్డ చుట్టూ అలాంటి కోసులు వేలాడుతుంటే ఎవరైనా ఆగి చూడాల్సిందే.

తొందరగా రాయి. టైపిస్టమ్మకి చెయ్యి నొప్పి పుడుతోందట. రోజంతా మిషను మీద టకటకలాడించే చేతికి నా నాలుగు ముక్కలకే నొప్పి వచ్చింది.

నీ మేనత్త (వేలిముద్ర)


జనవరి 20

అత్తకి,

నీ ఉత్తరం అందింది. కాగితం తప్పకుండా రాసి పంపిస్తాను. దానికేం కంగారు పడకు. ముందు నువ్వు మోకాళ్ళ సంగతి చూపించుకో.

అత్తా, ఒక వింత చెప్పాలి. నువ్వు చెప్పిన అంకెల్ని నాకున్న అలవాటు కొద్దీ పక్కపక్కన పెట్టి ఒకే సంఖ్యగా రాశాను. ఏడు కోట్ల ముప్పైతొమ్మిది లక్షల ముప్పైతొమ్మిది వేల నూట ముప్పైఅయిదు. తర్వాత నీ కోసులాగే చివరి అంకె ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాను. మా లెక్కల్లో ప్రధాన సంఖ్యలని ఒక జాతి ఉంది. సంఖ్య ఎంతైతే అన్ని గింజలు నేల మీద పోసి, సమానమైన వరసలుగా పేర్చడానికి ఎన్ని రకాలుగా చూసినా ఎప్పుడూ కొన్ని మిగిలిపోతాయి. ఒకే ఒక్క పొడుగు వరసగా తప్ప కుదరవు. అలాంటి సంఖ్యలు అవి. అడుగున ఉన్న ఏడు ఆ జాతిదే. డెబ్బైమూడూ అంతే. ఏడువందల ముప్పైతొమ్మిదీ అంతే. పైకి పోతున్నకొద్దీ ప్రతి వరసా ఆ జాతిలోనే తేలుతుంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

కానీ అన్నిటికన్నా పై వరస దగ్గర చెడింది. అయిదుతో ముగిసిన పెద్ద సంఖ్యని అయిదు భాగించేస్తుంది, చూడకుండానే చెప్పొచ్చు. టైపిస్టుగారు పొరపాటు పడ్డారేమో అడుగు. అక్కడ ఉండాల్సింది అయిదు కాదు, మూడు అనుకుంటాను. మూడైతే ఎనిమిది వరసలూ నిలుస్తాయి. ఒకటి గాని, ఏడు గాని, తొమ్మిది గాని పెట్టినా నిలవదు. ఒక్క మూడే.

నీ తోడికోడలు, మా పెద్దత్త, కూతురు ఈ ఊరికే బదిలీ అయి వచ్చిందని విన్నాను. వీలు చూసుకుని కలుస్తాను. మీరూ మీరూ ఎలా ఉన్నా, నాకు వదినే గదా.

నీ మేనకోడలు


జనవరి 30

అమ్మాయికి,

నీ ఉత్తరం టైపిస్టమ్మ చదివింది. చదివి, తను పొరపాటు పడిందన్నందుకు ముప్పై ఏళ్ళ సర్వీసు గురించి మొదలుపెట్టింది. ఆవిణ్ణి చల్లార్చి కూర్చోబెట్టేసరికి కాఫీ చల్లారిపోయింది.

ఆవిడ తప్పేం లేదు. అయిదని నేనే చెప్పాను. కావాలనే చెప్పాను. మా అల్లికలో అది పద్ధతి. నోటితో ఎవరికైనా అంచు చెప్పాల్సి వస్తే ఒక దొంగ అంకె కలిపి చెబుతాం. అయినవాళ్ళకైనా సరే అలాగే చెబుతాం. రేపు ఎక్కడైనా ఆ దొంగ అంకెతో అల్లిన అంచు కనబడితే, అది ఏ నోటి నుంచి జారిందో తెలిసిపోతుంది. టైపిస్టమ్మ చేతి మీదుగా, పోస్టు మీదుగా పోయే మాట గనక అయిదు చెప్పాను.

చూసేవాళ్ళు చాలామంది గాని, అక్కడ మూడని లెక్కపెట్టి తెలుసుకున్నవాళ్ళు ఇద్దరమే. ఒకరు నేను. రెండోది ఆ పెద్దది, నేను ఆరేసిన ముక్క తీసుకెళ్ళి కుట్టు విప్పి చూసింది గనక. నువ్వు వారం తిరక్కుండా మూడని రాసి పంపావు. అదే ఉత్తరంలో దాని కూతురు మీ ఊళ్ళో ఉందని కూడా రాశావు. నేను చదువుకోలేదు గాని, ఈ రెండూ కలిపి చూసుకోలేనంత మొద్దుని కాదు.

గింజలు పోశాను, వరసలు పేర్చాను అని ఏవేవో చెప్పావు. నా లేసుకీ గింజలకీ ఏం సంబంధం? సంఖ్యని చూస్తే అంచులో ఏముందో తెలిసిపోతుందా? అలా అయితే సూది ఎందుకు, దారం ఎందుకు, మీ కాలేజీ గోడ మీద సుద్దముక్కతో అల్లుకోండి. ఆవిడ కూతురు నీకు అంచు చూపించింది. నువ్వు దాన్ని చూసి, చూశానని చెప్పలేక లెక్కల ముసుగేశావు. పైగా నువ్వు రాసిన మూడు ఇప్పుడు టైపిస్టమ్మకీ తెలిసింది, సాయంత్రానికి మందుల షాపాయనకీ తెలుస్తుంది. ఇంక ఊరికంతా చాటించుకోవడమే మిగిలింది.

కాగితం రాయొద్దు. వాళ్ళతో కలిసిన చేత్తో రాసిన కాగితం నాకు అక్కర్లేదు.

మేనత్త (వేలిముద్ర)


ఫిబ్రవరి 9

అత్తా,

ఉత్తరం చదివి రెండు రోజులు మనసు మనసులో లేదు. నేను దొంగనని నువ్వు అనగలవని అనుకోలేదు.

నీకు నేను ఆ మాట రాసేటప్పటికి వదినని చూడనే లేదు. ఇప్పుడు చూశాను, దాచను. నీ ఉత్తరం వచ్చాక కోపం వచ్చి నేనే వెళ్ళాను. పెద్దత్త సంఘానికి చూపించబోయే అంచు నకలు వాళ్ళింట్లో ఉంది. అందులో ఎనిమిది కాదు, తొమ్మిది అంకెలు ఉన్నాయి. నీ మూడు తర్వాత ఏడు ఖాళీ గడులు. అసలైన అంచు తమదేననీ, నీది చివర కత్తిరించిన నకలనీ వదిన చెప్పింది.

ఇంటికొచ్చి ఆ తొమ్మిదంకెల సంఖ్యని చూశాను. అంకెలన్నీ కూడితే నలభైఅయిదు వచ్చింది, అంటే మూడూ భాగిస్తుంది, తొమ్మిదీ భాగిస్తుంది. అక్కడ ఏడు బదులు ఇంకేం పెట్టినా కుదరదు. సరిసంఖ్యలు, అయిదూ చూడగానే పోతాయి. ఒకటి పెడితే మూడు భాగించేస్తుంది. మూడూ, తొమ్మిదీ మాత్రం నన్ను చాలా తిప్పలు పెట్టాయి, చివరికి అవీ విరిగిపోయాయి. అత్తా, నీ ఎనిమిదంకెల తర్వాత ఇంకేదీ చేరదు. అక్కడితో ఆగిపోవాలి. తర్వాత మా గ్రంథాలయంలో వెతికితే, ఈ సంఖ్య గురించి పుస్తకాల్లోనే ఉంది. చివర నుంచి ఒక్కొక్క అంకే తీసేస్తున్నా ఆ జాతిలోనే నిలిచే సంఖ్యలన్నిటిలోకీ ఇదే అతి పెద్దదట.

ఇక నా వంతు అడుగుతాను. కోప్పడకు, కోప్పడినా జవాబు చెప్పు. చేతికి వచ్చింది అల్లుకుంటూ పోతే ఇలాంటి సంఖ్య తేలదు. ఇది తెలిసినవాళ్ళెవరో నీకు అంకె తర్వాత అంకె చెప్పారు. ఎవరు? నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. పెద్దత్త భర్త గోదాములో లెక్కలు రాసేవారని, బాగా చదువుకున్నవారని విన్నాను. ఆయనా? ఆయనే అయితే పెద్దత్త మాటలో కొంతైనా నిజం ఉన్నట్టే. నేను రాసిచ్చే కాగితంలో అబద్ధం ఉండకూడదు. అందుకే అడుగుతున్నాను.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 21

లెక్కలపిట్టకి,

నీ ఉత్తరం టైపిస్టమ్మ చదువుతుంటే మా బావగారి పేరెత్తిన చోట ఆపమన్నాను. చాలు, చింపెయ్యమన్నాను. ఆ మనిషి గోదాములో బస్తాలు లెక్కపెట్టడానికే రెండుసార్లు మొదలుపెట్టేవాడు. ఆయన నాకు అంకెలు చెప్పాడట. ఆ ఆడదానికి నువ్వు కూడా సాక్ష్యం దొరికావనుకున్నాను.

టైపిస్టమ్మ చింపలేదు. "మీరు వినకుండా దాటేసిన ముక్క ఒకటుంది, వినండి" అంది. ఏం ముక్క అన్నాను. నీ ఎనిమిదంకెల తర్వాత ఇంకేదీ చేరదు, అక్కడితో ఆగిపోవాలి అని చదివింది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివింది. ఆ పిల్ల రాసింది అదేనా, నువ్వు కలిపావా అని అడిగాను. కలపలేదని కాగితం నా మొహం ముందు పెట్టింది. నాకు చదవడం రాదన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఆ మాట పెద్దదానికి తెలియదు. తెలిస్తే తొమ్మిదోది వెయ్యదు. దాని కూతురికీ తెలియదు. మరి నీకెవరు చెప్పినట్టు? ఎవరూ చెప్పలేదు, అంకెలే చెప్పాయి. అంటే ఆ మూడు కూడా నీకు అలాగే తెలిసింది. నేను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకోవడం నాకు సరిగ్గా చేతకాదు, ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు ఎవరు అని అడిగావు. మీ నాన్న.

నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు మీ నాన్న కళ్ళకి జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. కట్టు విప్పినా చూపు రాలేదు. బడిలో లెక్కలు చెప్పిన మనిషి. బోర్డు లేదు, పుస్తకం లేదు, చీకట్లో మంచం మీద ఊరికే పడుకుని గోడకేసి తిరిగేవాడు. మీ అమ్మకి వేవిళ్ళతో లేవడమే కష్టంగా ఉండేది. పగలంతా నేను కూర్చునేదాన్ని, ఒళ్ళో లేసు ఉండేది. ఒకరోజు చెయ్యి చాపి, "అక్కా, అదేమిటి గరుగ్గా ఉంది?" అన్నాడు. నిండు గడి, ఖాళీ గడి అని వేలు పట్టుకుని చూపించాను. కాసేపు తడిమాడు. వేలితోనే లెక్కపెట్టి, ఇక్కడ నాలుగు, ఇక్కడ రెండు అని చెప్పాడు. వాడి మొహం అప్పుడు చూడాల్సింది నువ్వు.

మర్నాడు, "నేను చెబుతాను, నువ్వు అల్లు. ఏడు ఖాళీ వెయ్యి" అన్నాడు. వేశాను. పక్కన మూడు నిండు. తర్వాత తొమ్మిది. ఒక్కొక్క అంకె చెప్పడానికి ముందు ఏదేదో లోపల గొణుక్కునేవాడు. ఎప్పుడో కాలేజీలో ఒక పుస్తకంలో చూశాడట, గుర్తున్నది సరైనదో కాదో మళ్ళీ భాగించి చూసుకుంటున్నానని చెప్పేవాడు. చిన్నవాటికి పూట పట్టేది. పెద్దవైనకొద్దీ రోజుల తరబడి ఆలోచించేవాడు. నేను ఈలోపు వేరే పని అల్లుకునేదాన్ని. నువ్వు చెప్పే గింజల గొడవ నాకూ చెప్పాడు, నాకు అప్పుడూ అర్థం కాలేదు. కానీ ఒక్కొక్క వరసకీ ఒక్కొక్క అంకె వదిలేస్తూ కోసుగా దింపుదామన్నది నేను. ఆ మాట వినగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

ఎనిమిదోది అయ్యాక జ్వరం పట్టుకుంది. నువ్వు పుట్టేసరికి వాడు లేడు. మీ అమ్మ నిన్ను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను ఆ అంచు అల్లుకుంటూ బతికాను.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. సెలవులకి వచ్చినప్పుడల్లా చెబుదామనుకునేదాన్ని. మీ నాన్న మాట వస్తే నువ్వు వీధిలోకి వెళ్ళిపోయేదానివి. ఆ తర్వాత పెద్దదాని గొడవ మొదలైంది. ఎవరి సాయమూ లేకుండా పుట్టించిన మనిషికే పేరంటున్నారు సంఘం వాళ్ళు. తమ్ముడు చెప్పాడని నేను నోరు జారితే ఆవిడ పండగ చేసుకుంటుంది. ఇప్పుడు నీకు తెలిసింది. టైపిస్టమ్మకీ తెలిసింది. ఈ ఉత్తరం మందుల షాపుకి తీసుకెళ్ళను. ఆవిడ రాసింది రాసినట్టే ఉందని నమ్ముతాను.

నీ మేనత్త (వేలిముద్ర)


మార్చి 2

అత్తా,

నాన్న అలా మాట్లాడేవారని నాకెవరూ చెప్పలేదు. అమ్మ దగ్గర ఒక ఫోటో ఉంది, అందులో కళ్ళజోడు పెట్టుకుని బిగుసుకుపోయి ఉంటారు. ఆ మనిషి "అక్కా, అదేమిటి గరుగ్గా ఉంది" అని అడిగాడనుకుంటే ఆ ఫోటో కొంచెం కదిలినట్టైంది.

సంఘం దగ్గర ఈ మాట ఎత్తకు. కాగితం ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. నీ ఒళ్ళో చిన్నప్పటి నుంచీ చూశానని మాత్రమే రాశాను. అందులో అబద్ధం ఏమీ లేదు. మిగతాది ఎవరూ అడగరు. అడిగినా నేను నోరు విప్పను. ఆ కోసు నీ తిండి. నాన్న ఉంటే ఆయనా ఇదే అనేవారు.

నీ పిట్ట


మార్చి 15

పిట్టకి,

మీటింగు అయిపోయింది. నువ్వు పంపిన కాగితం చదివారు. పెద్దది తొమ్మిదంకెల అంచు బల్ల మీద పరిచింది, నేను ఎనిమిదంకెలది పరిచాను. అధ్యక్షురాలు బొంగురు గొంతేసుకుని, "ఎవరి సాయమూ లేకుండా అల్లానని ఇద్దరూ చెప్పండి, చాలు" అంది.

పెద్దది టక్కున చెప్పేసింది. నా వంతు వచ్చింది. మాట గొంతు దాకా వచ్చింది, పిల్లా. అనేస్తే సరిపోయేది. సాయం లేదని అన్నానంటే, ఆ మంచం మీద ఎవరూ పడుకోలేదని అన్నట్టే. నేను అనలేకపోయాను. నా తమ్ముడు అంకెలు చెప్పాడు, నేను అల్లాను, కోసుగా దింపింది నేను అని చెప్పేశాను. ఆ సంఖ్య వాడిది కూడా కాదు, ఏదో పుస్తకంలోది, ఎనిమిదంకెలతోనే ఆగిపోతుందని కూడా చెప్పాను. మొత్తం చెప్పాక ఇంక దాచడానికేం మిగల్లేదు.

పెద్దది కుర్చీలోంచి లేచి, "చూశారా, తనది కాదని తనే ఒప్పుకుంది" అంది. "మీదైతే తొమ్మిదోది ఎందుకు వేశారు?" అని అధ్యక్షురాలు అడిగింది. చివర మొండిగా తెగినట్టుంటే అతికించానని పెద్దది నోరు జారింది. ముందు నా ఎనిమిదీ లేకపోతే దేనికి అతికిస్తుంది? సంఘం వాళ్ళు గుసగుసలాడుకుని తేల్చారు. పుస్తకంలో ఉన్న సంఖ్య గనక ఎవరి పేరూ పెట్టరట. ఎవరైనా అల్లుకోవచ్చట. పేరు పోయింది. అడుక్కోవలసిన గుమ్మం కూడా పోయింది, అది నాకు చాలు.

మెట్లు దిగుతుంటే పెద్దది నా వెనకే వచ్చింది. "చూపు పోయినప్పుడా?" అంది. అవునన్నాను. "నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ గొడవ ఎందుకు తెచ్చేదాన్ని" అంది. ఎందుకు తెచ్చేది కాదు? చెప్పినా తెచ్చేది. నా మోకాళ్ళు చూసి చెయ్యి పట్టుకుంది. కిందికి వచ్చాక లాగేసుకున్నాను.

నువ్వు నన్ను నోరు మూసుకోమన్నావు. నా తిండి గురించి అలా రాశావని నాకు తెలుసు. కోపం లేదు. నువ్వూ కోపం పెట్టుకోకు.

ఈ కవరులో ఒక ముక్క పంపుతున్నాను. వాడి దగ్గర కూర్చుని అల్లిన మొదటి ముక్క అది, దారం కొంచెం పసుపెక్కింది. ఎవరికీ ఇవ్వలేదు, ఆఖరికి సంఘం బల్ల మీద కూడా పెట్టలేదు. దాన్ని చూడకు. కళ్ళు మూసుకుని పై వరస ఎడమ నుంచి వేలు పెట్టు. ఏడు జారిపోతాయి, మూడు గరుగ్గా తగులుతాయి, అలా వెళ్ళు. చివరి మూడు నిండు గడులూ దాటాక ముడి తగులుతుంది. తొమ్మిదోది ఏం వెయ్యమంటావని సూది ఎత్తాను నేను. వాడు తడుముకుంటూ వచ్చి, నా వేలు దొరకబుచ్చుకుని, సరిగ్గా అక్కడ ఆపాడు.

నీ మేనత్త (వేలిముద్ర)